కాలువ గట్టు దాకానే

చుందుంగ్ కథలో తను ఎక్కడ లేవాలో టోరున్‌కు బాగా తెలుసు. కాలువ గట్టు మీద చెప్పు కనబడే చోట లేవాలి. అంతకుముందు లేస్తే జనానికి విషయం అందదు. ఆలస్యం చేస్తే ముక్కులు చీదడం అయిపోయి గడియారాలు చూసుకోవడం మొదలవుతుంది.

ఆ గురువారం సాయంత్రం కూడా ఆమె ఊరి హాల్లో, వంటగది తలుపు పక్కన కూర్చుని, వాఫుల్ పెనం అంచులకు కారిన పిండిని గుడ్డతో తుడుస్తూ, చెవి మాత్రం వేదిక వైపే పెట్టి ఉంది. బయట, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఫ్యోర్డ్ మీద వాన. లోపల తడిసిన ఉన్ని కోట్ల వాసన, కాఫీ వాసన. కుర్చీలన్నీ నిండాయి. అక్టోబరు వచ్చిందంటే ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు వేరే కాలక్షేపం ఉండదు. పైగా నైజీరియా నుంచి వచ్చిన అమ్మాయి మాట్లాడితే వినితీరాలని ఊరూరా చెప్పుకుంటున్నారు.

"అవి బంగాళాదుంపలు తవ్వే రోజులు" అంటోంది చుందుంగ్. పొట్టి మనిషి. మైకు ఎత్తు తగ్గించినా గడ్డం కొంచెం పైకెత్తి మాట్లాడుతుంది. "అందరం బస్తాలు కుడుతున్నాం. మా తమ్ముడు దవూ పురికొసను పళ్లతో తెంపుతున్నాడు. పళ్లు అరిగిపోతాయిరా అని అమ్మ తిట్టి, నీళ్లకని పొలం అవతలికి వెళ్లింది. అప్పుడే మోటారుసైకిళ్ల చప్పుడు వినబడింది."

టోరున్ పెనం మూసి స్విచ్చి ఆపింది. ఇక్కడి నుంచి ఆ గుయ్‌మనే చప్పుడు కూడా ఉండకూడదు.

"వాడు నన్ను ఎండిపోయిన కాలువలోకి తోశాడు. 'అక్కా, లేవకు' అన్నాడు. అమ్మ కోసం పరిగెత్తాడు. అమ్మను అప్పటికే పక్క పొలంవాళ్లు కాపాడి లాక్కుపోయారని వాడికి తెలీదు. నేను ముఖం మట్టిలో పెట్టుకుని పడుకున్నాను. చప్పుళ్లన్నీ ఆగాక తల ఎత్తి చూశాను. గట్టు మీద వాడి చెప్పు ఒకటుంది. బోర్లా పడి ఉంది."

ముందు వరసలో ఎవరో వెక్కారు. టోరున్ గుడ్డ పక్కన పడేసి లేచి వేదిక దగ్గరికి నడిచింది. చుందుంగ్ భుజం మీద చెయ్యి వేసింది. "థాంక్యూ చుందుంగ్. మనమందరం ఒక్క నిమిషం మౌనంగా నిలబడదాం" అంది మెల్లగా. కుర్చీలు కదిలాయి. చుందుంగ్ నోరు ఇంకా కొంచెం తెరిచే ఉంది. అది దుఃఖం అనుకుంది టోరున్. భుజం నొక్కి, కిందికి దింపుకొచ్చింది.

మౌనం తర్వాత పియానో, పియానో తర్వాత వాఫుళ్లు. ఒక ముసలాయన చుందుంగ్ కుడిచేతిని రెండు చేతుల్లో పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు. ఆ పిల్ల ఎడమచేతిలో పళ్లెం పట్టుకుని నిలబడింది. పళ్లెంలో జామ్ రాసిన వాఫుల్ ముక్క, పైన పల్చగా చెక్కిన గోధుమరంగు చీజు, ఈ ఊళ్లవాళ్ల జున్ను. ఆయన వదిలాక ఫోర్కుతో ఆ జున్నును పళ్లెం అంచుకు తోసింది. వాఫుల్‌ను ఇటు తిప్పింది, అటు తిప్పింది. చివరికి ఎవరూ చూడకుండా పళ్లెం కిటికీ గట్టు మీద పెట్టేసి దూరంగా జరిగింది.

టోరున్ చూసింది. కిందటి వారం చర్చిలో కూడా ఈ పిల్ల ఏమీ తినలేదు. అంతకుముందు వృద్ధాశ్రమంలోనూ అంతే. ఇన్నాళ్లూ చూస్తూనే ఉంది గానీ ఆ సాయంత్రమే అది ముల్లులా దిగబడింది.

కారులో వైపర్లు కొట్టుకుంటుంటే అడిగింది. "అలిసిపోయావా?"

"లేదు ఆంటీ."

"ఏదైనా తింటావా? బడికి వెళ్లాక గుడ్డు ఉడికించి పెడతాను."

"వద్దు ఆంటీ" అని చుందుంగ్ అద్దం వైపు తిరిగింది.

*

వాళ్ల బడి ఫ్యోర్డ్ ఒడ్డున ఉన్న ఆవాస పాఠశాల. పరీక్షలూ మార్కులూ ఉండవు. కొట్లాటలున్న దేశాల్లో తమ ఊళ్లవాళ్లను కలపాలని పనిచేసే కుర్రవాళ్లు కొందరు ఏటా శరదృతువులో వచ్చి ఇక్కడ ఉంటారు. చదువుకుంటారు, ఇక్కడి పిల్లలతో కలిసి వంట చేస్తారు, అంట్లు తోముతారు, చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి తమ సంగతులు చెబుతారు. మంచు బాగా పడే వేళకి తిరిగి వెళ్లిపోతారు. ఈ ఏర్పాట్లన్నీ చూసేది టోరున్. ఆ పని అంటే ఆమెకు ప్రాణం. పిల్లలు దిగే రోజున విమానాశ్రయానికి తనే వెళుతుంది, ఎవరి కాళ్లకు సరిపోయే ఉన్ని మేజోళ్లు వాళ్లకి పట్టుకుని.

శుక్రవారం మధ్యాహ్నం పిండి తీసుకుందామని వంటగది వెనక సామాన్ల గదిలోకి వెళ్లింది. అవతల కుళాయి కింద చుందుంగ్, యేనేర్ అంట్లు కడుగుతున్నారు. యేనేర్‌ది కొలంబియాలో ఒక నది ఒడ్డు పల్లె. పొడుగాటి కుర్రాడు. వాడి నోరు ఊరుకోదు.

"ఏమే చుందుంగ్, ఈ నెలలో మీ తమ్ముణ్ణి ఎన్నిసార్లు చంపావు?"

టోరున్ చేతిలో పిండి సంచి అలాగే ఉండిపోయింది.

"నీకంటే తక్కువే లేవోయ్" అంది చుందుంగ్. "నువ్వు మీ నాన్నను రెండు భాషల్లో చంపుతున్నావు."

ఇద్దరూ నవ్వారు. పళ్లేలు గలగలలాడాయి.

"నేను తెలివైనవాణ్ణి. పాటతో మొదలుపెడతాను. పాటను సగంలో ఆపమనడానికి ఇక్కడెవరికీ మొహమాటం ఒప్పుకోదు."

"నాకు పాట రాదే."

"సోమవారం పెద్ద హాలట కదా. అక్కడా ఇంతేనా?"

చుందుంగ్ ఏదో అంది గానీ కుళాయి హోరులో వినబడలేదు. టోరున్ వినే స్థితిలో కూడా లేదు. 'ఎన్నిసార్లు చంపావు' అన్న మాట దగ్గరే ఆమె చెవులు మూసుకుపోయాయి. పిండి సంచి మళ్లీ అరలో పెట్టేసి వెనక తలుపు గుండా బయటికి వచ్చింది. చేతులకంటిన పిండి వానలో జిగురై పోయింది. ఆ చేతుల్ని కోటుకు రుద్దుకుంటూ వాకిట్లో నిలబడింది. ఎన్నిసార్లు? తనకూ లెక్క లేదు. ప్రతి ఊరివాళ్లూ ఫోన్ చేసి, ఆ అమ్మాయినే పంపండి అంటే, సరేనని కారు తీసింది తను. ఎక్కడ ఏడుస్తారో కనిపెట్టి, అక్కడ కత్తిరించడం నేర్చుకుంది తను. పైగా ఆ నేర్పుకు లోలోపల మురిసిపోయింది కూడా.

బడి గుమ్మం ముందు ప్రిన్సిపాల్ ఐవిన్ నిచ్చెన ఎక్కి సోమవారం సభ పోస్టరు మేకులతో బిగిస్తున్నాడు. మంచివాడు, తొందర మనిషి. పోస్టరు నిండా చుందుంగ్ ముఖమే.

"ఐవిన్, దిగు ఒకసారి. సోమవారం చుందుంగ్‌ను వదిలేద్దాం."

"వదిలేయడమేంటి?" అతను దిగలేదు. నోట్లో ఉన్న మేకు తీసి చేత్తో పట్టుకున్నాడు. "పోస్టరు మీదున్నదే ఆ పిల్ల. జిల్లా కమిటీవాళ్లు వస్తున్నారు. వచ్చే ఏడు ఈ పిల్లల్ని పిలవాలా వద్దా అని తేల్చేది వాళ్లే."

"ఆ పిల్లను నిమ్మకాయను పిండినట్టు పిండుతున్నాం మనం. మాట్లాడి వచ్చాక ముద్ద ముట్టదు. నువ్వు చూడలేదు. నేను చూస్తున్నాను."

"తను అందా, చెప్పలేనని?"

"అనదు. అలాంటి పిల్ల కాదు అది."

"మరి అడుగు."

"అడిగితే పర్వాలేదు అంటుంది. మన తిండి తింటున్నాననే మొహమాటం ఒకటుంటుంది కదా. అడగడం కూడా ఒక బలవంతమే."

ఐవిన్ నిచ్చెన దిగి వచ్చాడు. "సరే. ఆ పిల్లకు అంత కష్టంగా ఉంటే వద్దు. కానీ వచ్చినవాళ్లకి ఏదో ఒకటి వినిపించాలి కదా. నువ్వు చెప్పు. నీకు కంఠతా వచ్చుగా. క్లుప్తంగా చెప్పి దిగిపో."

అక్కడ వద్దు అని ఉండాల్సింది. టోరున్ అనలేదు. పిల్ల బరువు తన తలకెత్తుకున్నట్టే అనిపించింది ఆమెకు.

సాయంత్రం చుందుంగ్ వంటగదిలో ఒక్కతే బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. తొక్క ఒక్క తీగలా, తెగకుండా బొటనవేలి మీదుగా జారుతోంది. టోరున్ ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"సోమవారం నువ్వు మాట్లాడక్కర్లేదమ్మా. ఐవిన్‌తో చెప్పేశాను. హాయిగా విశ్రాంతి తీసుకో."

కత్తి ఆగింది. "ఎందుకు ఆంటీ? నేనేమైనా తప్పుగా చెప్పానా?"

"ఛ, ఛ! నువ్వు ఎంత బాగా చెబుతావో. అందుకే. నీకు శ్రమ."

చుందుంగ్ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. ఏదో అడగబోయి మానుకుంది. "సరే ఆంటీ" అంది. చేతిలో ఉన్న దుంప పూర్తిచేసింది. కత్తి కడిగి, తుడిచి, సొరుగులో పెట్టి, చేతులు ఆరబెట్టుకుని వెళ్లిపోయింది. గిన్నెలో సగం దుంపలు అలాగే మిగిలాయి.

పాపం, ఎంత అలిసిపోయిందో అనుకుని ఆ మిగిలినవి టోరున్ తనే చెక్కు తీసింది. పాత బట్టలు దానం చేసి వచ్చినంత తేలిగ్గా ఉంది మనసు. శని, ఆదివారాలు ఆ తేలికలోనే గడిచాయి.

*

జిల్లా సభాభవనం ఫ్యోర్డ్ అవతలి ఒడ్డున ఉంది. సోమవారం సాయంత్రం టోరున్, ఐవిన్ ముందుగా, బళ్లను కూడా ఎక్కించుకునే పెద్ద పడవలో కారుతో సహా దాటి వెళ్లారు. పిల్లలు తర్వాత బస్సులో వచ్చారు. చుందుంగ్ గదిలో పడుకుని ఉంటుందనే అనుకుంది టోరున్. యేనేర్ పాట పాడాడు. చప్పట్లయ్యాక ఐవిన్ టోరున్‌ను పిలిచాడు.

"ఆ అమ్మాయి పేరు చుందుంగ్" అని మొదలుపెట్టింది. మొదట గొంతు వణికింది. తర్వాత దానంతటదే దారిలో పడింది. పురికొస, తల్లి తిట్టు, మోటారుసైకిళ్లు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలో ఆమెకు తెలుసు. చుందుంగ్ గబగబా చెప్పేసే చోట్ల తను ఆగింది. హాలు హాలంతా చెవులై వింది. కమిటీ ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"తల ఎత్తి చూస్తే గట్టు మీద తమ్ముడి చెప్పు..."

అప్పుడు చూసింది. చివరి వరసలో, తలుపు పక్కన, నీలిరంగు తలగుడ్డ. చుందుంగ్ తన ఊరి బట్టలు కట్టుకుని వచ్చింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, అందరిలాగే వేదిక వైపు చూస్తోంది.

"...ఒకటుంది" అంది టోరున్. "బోర్లా పడి ఉంది." నోరు మాట పూర్తిచేసింది గానీ చెంపలు మండిపోయాయి. దొంగిలించిన గొలుసు మెళ్లో వేసుకుని, గొలుసుగల మనిషికే ఎదురుపడినట్టు అయింది.

హాల్లో ముక్కులు చీదుతున్నారు. ఒక నిమిషం మౌనం అనబోతుంటే మధ్య వరసలో ఒక చెయ్యి లేచింది. పసుపురంగు చేతికర్ర, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు. కొండ మీద మేకల్ని పెంచే గీడా. ఆమెకు ఎవరన్నా జంకు లేదు.

"తర్వాత ఏం చేసింది ఆ పిల్ల?"

"అంటే..."

"అదే, కాలువలో పడుకుని ఉంది కదా. ఎలా బయటపడింది? తర్వాత ఏం చేసింది? ఊళ్లవాళ్లను కలిపే పిల్లలు వచ్చారని మీ కాగితంలో రాశారు. అది చదివే వచ్చాను. తమ్ముణ్ణి చంపినవాళ్ల మీదికి ఈ పిల్ల కత్తెత్తిందా, ఊళ్లను కలిపిందా? కలిపితే ఎలా కలిపింది? చెప్పవేం?"

టోరున్ నోరు తెరిచింది. 'సంతలో ఆడవాళ్లతో పని' అని ఎప్పుడో ఎక్కడో చదివినట్టు లీలగా గుర్తు. ఏ సంత? ఎవరితో? వెతికితే ఏమీ దొరకలేదు. ఇన్ని వారాలు ఒకే కప్పు కింద ఉంది. ఏ రోజూ అడగలేదు. ఇన్ని ఊళ్లలో విన్నా, ఆ గట్టు దాటి ఒక్క మాట వినలేదు.

"నాకు తెలీదు" అంది.

"తెలీదా?"

"తెలీదు. ఎప్పుడూ అక్కడే ఆపించేదాన్ని."

యేనేర్ వెనక్కి తిరిగి చూశాడు. వాడితో పాటు మరికొన్ని తలలు తిరిగాయి. చుందుంగ్ లేచింది. కుర్చీ మీది కోటు తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లిపోయింది. ఐవిన్ గట్టిగా చప్పట్లు మొదలుపెట్టాడు. హాలంతా అందుకుంది. ఆ హోరులో టోరున్ మెట్లు దిగింది.

బయటికి వచ్చేసరికి చూరు కింద గీడా, చుందుంగ్ నిలబడి మాట్లాడుకుంటున్నారు. గీడా చేతికర్రతో నేల మీద ఏదో గీసి చూపిస్తోంది.

"బుధవారం మా పాల సంఘం ఆడవాళ్లం కలుస్తాం" అంది టోరున్‌తో. "ఈ పిల్లను రమ్మన్నాను. వస్తానంది. నువ్వు బండి తోలుకొస్తే చాలు."

*

తిరుగు పడవలో ఐవిన్ పిల్లలతో పై అంతస్తులో ఉండిపోయాడు. చుందుంగ్ కింద కారులోనే కూర్చుంది. టోరున్ కూడా వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. ఇంజన్ అదురుకి డాష్‌బోర్డు మీది తాళాలు సన్నగా మోగుతున్నాయి.

"నా మీద కోపంగా ఉందా?"

"పెద్దవాళ్ల మీద కోపం తెచ్చుకోకూడదంటుంది మా అమ్మ."

"మీ అమ్మ సంగతి కాదు. నీ సంగతి అడుగుతున్నాను."

చుందుంగ్ కోటు గుండీ ఒకటి పెట్టుకుంది, మళ్లీ తీసింది. "ఉంది" అంది.

"నిన్ను హింస పెడుతున్నాననుకున్నాను. అస్తమానం అదే చెప్పించి, చెప్పించి... ఆ తర్వాత నువ్వు ఒక్క ముక్క తినేదానివి కాదు. ఎన్నిసార్లు చూశానో."

"ఆ గోధుమరంగు జున్ను నాకు సయించదు ఆంటీ. తియ్యటి సబ్బు తిన్నట్టుంటుంది. మీరు ప్రేమగా పెడుతుంటే చెప్పలేకపోయాను."

టోరున్‌కు నవ్వు పొంగుకొచ్చి గొంతులోనే చచ్చిపోయింది.

"అయితే బాధ లేదా?"

"తమ్ముడి గురించి చెబుతుంటే బాధ ఉండదా? ఉంటుంది. కానీ మా ఊళ్లో నేను వాడి పేరెత్తను. ఎత్తితే సంతలో అవతలివాళ్ల ఆడవాళ్లు లేచి వెళ్లిపోతారు. మా కుర్రాళ్లు కత్తులు తీస్తారు. నా పని జరగాలంటే నేను నోరు కట్టుకోవాలి. ఇక్కడికి వచ్చాకే దవూ, దవూ అని నోరారా అనుకున్నాను. ముక్కూ మొహం తెలీనివాళ్లు వాడి కోసం ఏడుస్తుంటే బాగుండేది కూడా. ఇవాళ దాన్ని కూడా మీరే చెప్పేశారు."

టోరున్ చేతులు స్టీరింగు మీది నుంచి జారి ఒళ్లో పడ్డాయి.

"ఇంకోటి చెప్పనా?" అంది చుందుంగ్. ఇప్పుడు గొంతులో మొహమాటం లేదు. "ప్రతిసారీ నన్ను కాలువలోనే వదిలేసి మీరందరూ కాఫీలకు లేచేవాళ్లు. పైకి నేనొక్కదాన్నే ఎక్కి రావాలి. వాళ్లు వచ్చి చేతులు పట్టుకునేవాళ్లు, అయ్యో అనేవాళ్లు. నేనింకా కిందే ఉండేదాన్ని. కింద ఉన్నదానికి ఆకలేం వేస్తుంది?"

పడవ మలుపు తిరిగింది. ఎదుటి కారు అద్దం మీద అవతలి ఒడ్డు దీపాలు జారిపోయాయి.

"నన్ను అడిగి ఉండొచ్చు కదా ఆంటీ. మాట్లాడమన్నప్పుడూ అడగలేదు, వద్దన్నప్పుడూ అడగలేదు."

తప్పయిపోయింది అన్న మాట టోరున్ నోటిదాకా వచ్చింది. అది మరీ చిన్నమాటలా తోచింది. "తర్వాత ఏమైందో చెప్పు. ఇప్పుడు వింటాను" అంది.

చుందుంగ్ తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడొద్దు. ఇప్పుడు చెబితే మీ మనసు తేలిక చెయ్యడానికి చెప్పినట్టుంటుంది."

ఆ మాటలో కసి లేదు. ఉంటే బాగుండేదనిపించింది టోరున్‌కు.

మర్నాడు పొద్దున్నే ఐవిన్ ఆమె గది తలుపు తోసుకుని వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "కమిటీ ఆవిడ ఫోన్ చేసింది. రాత్రంతా నిద్ర పట్టలేదట. ఆ చెప్పు కళ్లముందే ఉందట. వచ్చే ఏడు కూడా పిలుచుకోమంది. అంతా నీ చలవే, టోరున్! ఆ పిల్ల కంటే నువ్వే బాగా చెప్పావు."

"ఆ మాట మళ్లీ అనకు" అంది టోరున్.

"ఏం?"

"అనకు, అంతే."

అతను అర్థంకాక వెళ్లిపోయాడు. వచ్చే ఏడు కూడా పిల్లలు వస్తారు. దానికోసమే కదా ఇన్నాళ్లూ పడ్డ పాట్లన్నీ. ఆ సంతోషం ఎదురుగా వచ్చి నిలబడితే, దాని ముఖం చూడలేక ఆమె కిటికీ వైపు తిరిగింది.

*

పాల సంఘం ఆడవాళ్లు గీడా ఇంటి కింద, వెన్న తీసే పాత గదిలో కలిశారు. మేకలకు గడ్డి వేసి అటునుంచి అటే వచ్చినట్టున్నారు, సగం మంది పని బట్టల్లోనే ఉన్నారు. వేదిక లేదు, మైకు లేదు. చుందుంగ్‌ను పొడుగాటి బల్ల మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ కూర్చున్నారు. టోరున్ గోడవార బెంచీ చివర కూర్చుంది. ఆమెనెవరూ ఏమీ చెయ్యమనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అందించే చేతులు కదా, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకుంది.

బంగాళాదుంపల పొలం వచ్చింది. పురికొస వచ్చింది. చెప్పు వచ్చింది.

గదిలో ఎవరూ కదల్లేదు. ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. చుందుంగ్ అలవాటు కొద్దీ ఆగింది. టోరున్ వంక ఒక్కసారి చూసింది.

"ఊ" అంది గీడా.

"కాలువ గట్టు మట్టి వదులుగా ఉంది" అంది చుందుంగ్. "ఎక్కబోతే రెండుసార్లు జారాను. మూడోసారి వేళ్లు గుచ్చి ఎక్కాను. వాణ్ణి మేమే పాతిపెట్టుకున్నాం."

ఆ మాటలు టోరున్ మొదటిసారి విన్నది అప్పుడే.

"మా సంతకు పశువుల కాపర్ల ఆడవాళ్లు పాలు, పెరుగు తెచ్చేవాళ్లు. మేం ధాన్యం, దుంపలు అమ్మేవాళ్లం. మా పొలం మీదికి వచ్చింది వాళ్లలోని మగవాళ్లే. ఆ తర్వాత వాళ్ల పాలల్లో విషముందని మావాళ్లన్నారు. మా ధాన్యంలో విషముందని వాళ్లన్నారు. సంత రెండు ముక్కలైంది. దీజే అని ఒక ముసలామె మాత్రం ప్రతి సంతకీ వచ్చేది. తల మీద పాలు పోసిన సొరకాయ బుర్ర పెట్టుకుని వచ్చి, సంత బయటే కూర్చునేది. ఒక్కరు కొనరు. పొద్దు వాలాక పాలు నేల మీద పారబోసి వెళ్లిపోయేది. అది మొదటిసారి చూసినప్పుడు నాకు సంతోషం వేసింది."

ఒకామె తలెత్తి చూసింది.

"నిజమే చెబుతున్నాను. మళ్లీ సంతకి పనిగట్టుకుని వెళ్లాను, పారబోస్తుంటే చూడాలని. ఆ తర్వాతా వెళ్లాను. ఒకసారి దగ్గరికి వెళ్లి అడిగాను, ఎవరూ కొనరని తెలిసి ఎందుకొస్తావే ముసలీ అని. 'ఆవుకేం తెలుసు తల్లీ, అది ఇస్తూనే ఉంటుంది' అంది."

బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. గీడా తల పంకించింది.

"నీ కొడుకులు మా పొలానికి వచ్చారా అని అడిగాను. 'ఇద్దరు కొడుకులు. ఒకడు ఇంటికి రాడు, ఒకడు నోరు విప్పడు. ఎవర్నడగను?' అంది. పాలు పొయ్యి, తాగుతాను అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. సంత మొత్తం చూస్తుండగా గడగడా తాగేశాను. పొద్దుటి నుంచి ఎండలో ఉన్న పాలు. ఆ సాయంత్రమే కడుపు పట్టుకుంది. ఇంక చూడండి, ఊరు ఊరంతా మా వాకిట్లోనే! పిల్ల పోతుందా, ఉంటుందా అని. మా అమ్మ ఏడవనూ లేదు, తిట్టడం ఆపనూ లేదు. నేను చెంబు పట్టుకుని పరిగెడుతుంటే దారి ఇచ్చి మరీ చూస్తున్నారు."

గది గొల్లుమంది. ఒకామె బల్ల మీద చరిచింది. "పులిసిపోయి ఉంటాయి! ఎండలో పెట్టాక తాగుతారటే ఎవరైనా?" అంది ఇంకొకామె.

"మర్నాడు బతికే ఉన్నాను" అంది చుందుంగ్, తనూ నవ్వుతూ. "అదే నేను చేసిన పెద్ద పని. చావకపోవడం. విషం లేదని ఊరికి తేలింది. తర్వాతి సంతకి మా పిన్ని పెరుగు కొంది. చాటుగా, కొంగు కింద పెట్టుకుని."

మళ్లీ నవ్వులు. చుందుంగ్ నీళ్ల గ్లాసు అందుకుంది. నవ్వి నవ్వి తడిసిన కళ్లు ఒత్తుకుంటున్నారు ఆడవాళ్లు. అయితే కథ ఇదన్నమాట, ఇంత చక్కటి ముగింపును ఇన్నాళ్లూ ఆ పిల్ల నోట్లోనే నొక్కేశానన్నమాట, అనుకుంది టోరున్. ఈసారైనా సరిగ్గా కృతజ్ఞత చెప్పాలని బెంచీ మీది నుంచి లేచింది.

చుందుంగ్ గ్లాసు దించింది. ముఖంలో నవ్వు అప్పటికే సన్నబడింది.

"కూర్చోండి ఆంటీ" అంది. "ఇంకా ఉంది."